ఆయన అవునన్నారా, అబ్బా అన్నారా

కొత్తగా ఉద్యోగాల్లో చేరబోతున్న పిల్లల కోసం రెండు మంచి మాటలు రాసిమ్మని ఇక్కడ న్యూజెర్సీలో మా ఎడిసన్ ఊరి తెలుగు కుర్రాళ్లు అడిగారు. నా దగ్గర రెండు లేవు, ఒక్కటే ఉంది. ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు చివర ‘కదా’ పెట్టకండి. ‘మెయిల్ పంపలేదు కదా?’ అని మీరు అడుగుతారు. అవతలివాడు ‘యెస్’ అంటాడు. పంపాననా, పంపలేదనా? మన ఇంట్లో అయితే పంపలేదనే అర్థం. ఈ దేశంలో సగం మందికి అలా కాదు. మిగతా సగం సంగతి నాకు ఇప్పటికీ తెలీదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా నన్ను వదలని గందరగోళం ఒకటి ఆ ‘కదా’ దగ్గరే మొదలైంది. అదే చెబుతాను.

నా పని భూమిని కొలవడం. దాన్ని జియోడసీ అంటారు. మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో ఎవరికి చెప్పినా ముందు జియాలజీ అనుకుంటారు, కాదంటే జాగ్రఫీ అనుకుంటారు, అదీ కాదంటే వాళ్ల బ్యాక్‌యార్డ్ ఫెన్స్‌ని పక్కింటివాళ్ల వైపు ఎంత జరపొచ్చో వచ్చి చూడమంటారు. పెళ్లైన కొత్తలో మా ఆయన కూడా నన్ను తన ఫ్రెండ్స్‌కి ‘సైన్స్ సైడ్’ అని పరిచయం చేసేవారు. ఆ సైడ్ ఏ సైడో ఆయనకీ సరిగ్గా తెలీదు.

మా కంపెనీ చిన్నది. న్యూజెర్సీ తీరం వెంబడి ఉన్న ఊళ్లకి నేల ఎంత ఎత్తులో ఉంది, రోడ్డు ఎంత ఎత్తులో ఉంది అని కొలిచి ఇచ్చేవాళ్లం. అక్కడ అందరికంటే సీనియర్ ఒక ఫిన్లాండ్ జియోడసిస్టు. పేరు రాయను, పెద్దాయన అంటాను. పేరు పెట్టి పిలవమని మొదటిరోజే చెప్పారు. మా నాన్నగారి కంటే పెద్దవారిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. సార్ అంటే వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేవారు. అందుకని కొన్ని నెలలు ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఎదురుగా వెళ్లి నిలబడి దగ్గేదాన్ని. ఒకరోజు బీచ్‌లో గాలి హోరుకి ఎంత దగ్గినా వినిపించక, విసుగొచ్చి ‘ఏమండీ’ అని అరిచాను. ఆయన వెంటనే తిరిగారు. ఇండియాలో సర్వేయర్లు ఒకరినొకరు ఇలా పిలుచుకుంటారు కాబోలని అనుకున్నారట. మర్నాటి నుంచి ఆయన కూడా నన్ను ‘ఏమండీ’ అని పిలవడం మొదలుపెట్టారు. కంపెనీ పిక్నిక్‌లో ఆ పిలుపు విని మా ఆయన, నేను ఇద్దరం ఒకేసారి ‘ఆఁ’ అన్నాం. అసలు అర్థం చెప్పడానికి సిగ్గేసి నేను చెప్పలేదు. పెద్దాయనకి అది తెలియకుండానే గడిచిపోయింది.

పిలుపు సంగతి అలా ఉండగా, ఆయన నోటి అవును సంగతి వేరే. ఒకసారి లంచ్‌లో ఆయనకి మా గోంగూర పచ్చడి పెట్టి, బాగుందా అని అడిగాను. ఆయన నోరు తెరిచి గబుక్కున గాలి లోపలికి పీల్చారు. కారం తగిలిందనుకుని నీళ్ల బాటిల్ ఇచ్చాను. వద్దన్నారు. “ఆర్ యూ ఓకే?” అన్నాను. మళ్లీ పీల్చారు. “నిజంగా ఓకేనా?” ఇంకా గట్టిగా పీల్చారు. నేను అడిగినకొద్దీ ఆయనకి ఊపిరి ఆడనట్టుంది. ఆస్తమా అనుకుని నేను 911కి ఫోన్ చేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. ముఖం ఎర్రబడిపోయింది. అప్పుడు చెప్పారు, వాళ్ల వైపు కొందరు ‘యో’ అనే మాటని ఊపిరి లోపలికి లాగుతూ అంటారట. యో అంటే అవును. వినేవాళ్లకి అది నెత్తిన చన్నీళ్లు పోస్తే వచ్చే శబ్దంలా ఉంటుంది. ఆయన నాకు మూడుసార్లు అవునని చెప్పారు, నేను అంబులెన్స్ పిలవబోయాను.

ఆయన్ని అని ఏం లాభం, నాదీ అంతే. మనం సరే అనడానికి తల అటూ ఇటూ ఆడిస్తాం చూడండి, ఆ ఊపు చూసి మొదటి నెలల్లో ఆయన కొలిచిందే మళ్లీ కొలిచేవారు. నేను బాగానే ఉందంటున్నాను, ఆయన బాగా లేదనుకుంటున్నారు. ఇంత పాటుపడి కొలిచినా ఈ పిల్లకి ఆనదేమిటని బాధపడ్డారట. ఇద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ఆయన ఊపిరి నాకు అవును, నా తల ఊపు ఆయనకి అవును. చాలా ఏళ్లు ఆ ఒప్పందం బాగానే నడిచింది.

పెద్దాయన తన గురించి ఎక్కువ చెప్పే మనిషి కాదు. ఒక్కో ముక్క చెప్పడానికి ఆయనకి ఒక్కో ఏడాది పట్టేది. ఫ్లాస్కు నిండా కాఫీ పెట్టుకుని వ్యాన్ వెనక తలుపు దగ్గర కూర్చున్నప్పుడు, అడగకపోతే ఒక్కోసారి చెప్పేవారు. నేను విన్న ముక్కలన్నీ కలిపితే కథ ఇదీ. ఆయన పుట్టింది ఉత్తరాన సముద్రపు ఒడ్డున. పూర్వం ఎప్పుడో ఆ నేల మీద మంచు కొండలా పేరుకుని దాన్ని కిందికి అదిమేసింది. మంచు కరిగిపోయాక నేల ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తూనే ఉంది. వాళ్ల తాత పడవల కొట్టం కట్టినప్పుడు అది నీళ్ల అంచున ఉండేదట. ఈయన చిన్నప్పటికి దాని ముందు గడ్డి మొలిచింది, పడవని నీళ్లదాకా ఈడ్చుకెళ్లాల్సి వచ్చేది. సముద్రం ఎందుకు వెళ్లిపోయిందని తాతని అడిగితే, వెళ్లింది సముద్రం కాదు, మనమే పైకి వచ్చామని చెప్పాడట. ఆ మాట అర్థం చేసుకోవడానికే జియోడసీ చదివానని అన్నారు. చదువయ్యాక వాళ్ల దేశపు ఉత్తరాన మంచులో ఎత్తులు కొలిచారు. తర్వాత ఇక్కడి యూనివర్సిటీకి వచ్చారు, ఇక్కడే పెళ్లి, ఇక్కడే కూతురు. చివరికి మా చిన్న కంపెనీలో పడ్డారు. ఇక్కడి తీరంలో నేల పైకి లేవదు, కిందికి దిగుతుంది. “అక్కడ లేస్తుంది, ఇక్కడ దిగుతుంది, మధ్యలో నేను సున్నా ఎక్కడుందో వెతుకుతున్నాను,” అన్నారొకసారి. అది జోకో కాదో తెలియక నేను తల ఊపాను.

ఇక అసలు సంగతి. ఆయన రిటైరయ్యే ముందు చివరిగా చేతికొచ్చిన పని ఒక బీచ్ ఊరిది. వరదకి అడ్డంగా అక్కడ గోడ కట్టారు. అది కాగితం మీద ఉన్నంత ఎత్తు నిజంగా ఉందని మేం కొలిచి, పెద్దాయన సంతకం పెడితే, గోడ వెనక వీధిలో ఖాళీ చేయించిన ఇళ్లలోకి జనం తిరిగి రావచ్చు. ఆయన సంతకం మీదే అది ఆగి ఉంది.

జీపీఎస్ ఉంది కదా, ఇంత కష్టం దేనికని మీరు అడుగుతారు. జీపీఎస్ ఎత్తుని కొలిచేది లెక్క కోసం ఊహించుకున్న ఒక నున్నటి కోడిగుడ్డు ఆకారం పైనుంచి. నీళ్లకి ఆ గుడ్డు సంగతి తెలీదు. నాలుగు వేళ్ల తేడా తేల్చాలంటే ఆ చోట దాన్ని నమ్మలేం. అందుకని పాత పద్ధతిలోనే చేయాలి. లోపల గట్టి రాతి మీద, ఎత్తు ఖాయంగా తెలిసిన చోట మొదలుపెట్టి, ఆ ఎత్తుని ఒక్కో అంగ వేస్తూ గోడ దాకా మోసుకురావాలి. మధ్యలో యంత్రం, వెనకొక నిలువు కర్ర, ముందొక నిలువు కర్ర. కర్ర నేలలో దిగకుండా కింద ఇనుప ప్లేటు. యంత్రం ముందుకు జరిగే లోపు ఆ ప్లేటు కాస్త కదిలినా, అప్పటిదాకా మోసుకొచ్చిన ఎత్తంతా గంగలో పోసినట్టే. అందుకే గోడ దాకా వెళ్లాక అదే దారిలో తిరిగి కొలుచుకుంటూ వస్తాం. పోను, రాను రెండూ కలిస్తేనే ఆ అంకెని నమ్ముతాం.

ఆరోజు కర్ర పట్టుకునే ఒకతనికి జ్వరం. పెద్దాయనే కర్ర తీసుకున్నారు. కుర్రప్పుడు మంచులో ఇదే పని చేశానని ఉత్సాహంగా బయల్దేరారు. నేను యంత్రం దగ్గర ఉన్నాను. తుఫాను వస్తోందని గాలి అప్పటికే మొదలైంది, మాట వినిపించదు, చేతుల్లో వాకీటాకీలు ఉన్నాయి. గోడకి కాస్త దూరంలో, రోడ్డు పక్కన పల్లపు వంపులో ఆయన నిలబడ్డారు, నాకు కర్ర పైభాగం తప్ప ఆయన గానీ ప్లేటు గానీ కనిపించడం లేదు. నేను యంత్రం జరుపుకుని కొత్తచోట నిలబెట్టి, కర్ర మీది అంకె చదివే బటన్ నొక్కే ముందు, అలవాటుగా ఇంగ్లీషుకి కూడా ‘కదా’ తగిలించి అడిగాను.

“ప్లేటు కదల్లేదు కదా?”

వాకీటాకీలో గబుక్కున ఊపిరి లోపలికి లాగిన చప్పుడు వచ్చింది. మా ఒప్పందం ప్రకారం అది అవును. మన ఇంట్లో లెక్క ప్రకారం, అవును, కదల్లేదు. బటన్ నొక్కి ముందుకెళ్లాను.

గోడ దాకా వచ్చేసరికి లెక్క తేలింది. కాగితంలో ఉన్నదాని కంటే గోడ నాలుగు వేళ్లు తక్కువుంది. తిరుగు కొలత మొదలుపెడదామనుకునే లోపు పోలీసులు వచ్చి రోడ్డు మూసేశారు, నీళ్లు వచ్చేలా ఉన్నాయి వెళ్లిపొమ్మన్నారు. వ్యాన్ దగ్గరికి వస్తుంటే చూశాను, పెద్దాయన కుంటుతున్నారు. ఏమైందంటే, తడి రాయి మీద కాలు జారిందన్నారు. ఎక్కడంటే, ఆ వంపులో అన్నారు. ఎప్పుడంటే, నువ్వు ఏదో అడిగావే అప్పుడే అన్నారు.

“మీరు యో అన్నారు,” అన్నాను.

ఆయన వ్యాన్ మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించారు. “అని ఉండొచ్చు. నొప్పికి ఊపిరి లాగి ఉండొచ్చు. రెండూ ఒకే చప్పుడు కదా,” అన్నారు. “అని ఉన్నా, కదిలిందని అన్నానో కదల్లేదని అన్నానో నాకిప్పుడు గుర్తులేదు. నువ్వు అడిగిన ప్రశ్న అలాంటిది.”

నేను ఆయన్ని తప్పుపట్టలేకపోయాను, ఆయన నన్ను తప్పుపట్టలేదు. ఆయన అవునన్నారో అబ్బా అన్నారో తేలక, హీటర్ వేసుకుని ఇద్దరం వ్యాన్‌లో కూర్చుండిపోయాం. నాకు నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది.

కంపెనీ ఓనర్‌కి మాత్రం అంతా స్పష్టంగా కనిపించింది. ప్లేటు కదిలింది, అందుకే తక్కువ వచ్చింది, కాబట్టి ఆ కొలత పక్కన పడేసి డిజైన్‌లో ఉన్న ఎత్తే సరైనదని సంతకం పెట్టేయమన్నాడు. మర్నాడే టౌన్ మీటింగ్. పెద్దాయన ఒప్పుకోలేదు. ప్లేటు కదిలి ఉంటే గోడ ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు, కదిలిందో లేదో తెలియనప్పుడు మనకి వచ్చిన అంకెనీ నమ్మలేం, డిజైన్‌నీ నమ్మలేం అన్నారు. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత నువ్వు చెప్పేది తెలీదనేనా అని ఓనర్ అరిచాడు. పెద్దాయన ఊపిరి లోపలికి లాగారు. ఓనర్ దాన్ని భయం అనుకున్నాడు. నాకు అర్థమైంది, కానీ చెప్పి ఏం లాభం?

మీటింగ్ ఊరి హాల్లో. గోడ వెనక వీధివాళ్లందరూ వచ్చారు. తుఫాను పక్కకి తప్పుకుంది కాబట్టి అందరూ హుషారుగా ఉన్నారు, ఇక ఇళ్లకి వెళ్లిపోవడమే అనుకుంటున్నారు. ఛైర్మన్‌కి కూడా త్వరగా తేలిపోవాలని ఉంది. గోడ ఎత్తు సరిపోతుందా, యెస్ ఆర్ నో చెప్పమన్నాడు. తిరుగు కొలత కాలేదు, ఇంకా తెలీదని పెద్దాయన అన్నారు.

“అంటే మీకు ఖచ్చితంగా తెలీదు?” అన్నాడు ఛైర్మన్.

పెద్దాయన మైకు ముందే ఊపిరి లోపలికి లాగారు. హాలంతా వినిపించింది. ఛైర్మన్ కంగారుగా కుర్చీ వెనక్కి జరిపి, ఎవరైనా నీళ్లు తీసుకురండన్నాడు. నేను లేచి, “ఆయన యెస్ అన్నారు,” అని చెప్పాను.

“యెస్ అంటే, ఖచ్చితంగా తెలుసనా?”

“కాదు. యెస్, తెలీదని.”

“అంటే నో.”

“నో కాదు, యెస్.”

జనం నవ్వారు. మా ఓనర్ తల పట్టుకున్నాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను కూర్చోబోతుంటే, వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. గోడకి ఆనుకుని ఉన్న ఇల్లు ఆవిడది. వాళ్లమ్మ మంచం మీద ఉందట, నీళ్లొస్తే మేడ మీదికి మోసుకెళ్లడానికి కూడా వీలుకాదట. ఈ యెస్‌లు నోలు నాకొద్దు, మా అమ్మని ఈ శనివారం ఇంటికి తెచ్చుకోవాలా వద్దా, అదొక్కటి చెప్పండి అంది.

పెద్దాయన కుంటుకుంటూ మైకు వదిలేసి ఆవిడ వైపు రెండడుగులు వేశారు. “తేవద్దు,” అన్నారు. “నాకు తెలీదు. తెలిసేదాకా తేవద్దు.”

ఆవిడ థాంక్స్ చెప్పలేదు. చేతకానివాళ్లు ఎందుకొచ్చారని కడిగిపారేసింది. ఛైర్మన్ వారం గడువిచ్చాడు. బయటికి వచ్చాక ఓనర్ పెద్దాయనతో మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ కొలవడానికి మనుషుల్ని ఇవ్వనని నాకు మాత్రం చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆయన జీవితమంతా చేసిన పని నా ఒక్క ‘కదా’ మీద పడి విరిగిపోతుందేమోనని భయం వేసింది.

శనివారం సొంత మనుషులతోనే వెళ్లాం. అంటే ఒక కర్రకి పెద్దాయన, రెండో కర్రకి మా ఆయన. మా ఆయన వీకెండ్ పోయిందని దారి పొడుగునా సణుగుతూనే డ్రైవ్ చేశారు. “క్లౌడ్‌లో పని చేసుకునేవాణ్ణి, తెచ్చి ఇసకలో నిలబెట్టావు,” అన్నారు. కర్ర చేతికిచ్చాక మాత్రం మాట్లాడలేదు, కర్ర నిటారుగా ఉందని చూపే బుడగ మధ్యలోంచి కదలకుండా పట్టుకోవడంలో పడిపోయారు. ఆరోజు కొత్త ఒప్పందం. తల ఊపడం లేదు, ఊపిరి లాగడం లేదు. కదిలితే ‘కదిలింది’ అనాలి, కదలకపోతే ‘కదల్లేదు’ అనాలి. పెద్దాయనకి ఇంగ్లీషులో అనమన్నా వినకుండా తెలుగు మాటలే నేర్చుకున్నారు. గాలిలో “కదలేదు, కదలేదు” అని ఆయన గొంతు వినిపిస్తుంటే మా ఆయన కూడా నవ్వేశారు. వెళ్లేటప్పుడు కొలిచాం, వచ్చేటప్పుడు కొలిచాం.

పోను, రాను కలిశాయి. గోడ నాలుగు వేళ్లు తక్కువే. మొదటిరోజు వచ్చిన అంకే మళ్లీ వచ్చింది. ఆయన చివరి సంతకం ఆ అంకె కింద పెట్టారు. కట్టినవాళ్ల తప్పు కాదు, కట్టాక గోడతో సహా నేల దిగింది. తర్వాత గోడ మీద ఇంకో వరస పోశారు. ఆవిడ ఇంకో చలికాలం అమ్మతో అద్దె ఇంట్లో ఉండాల్సొచ్చిందని మమ్మల్ని మళ్లీ తిట్టిందని విన్నాను. ఓనర్ ఫేర్‌వెల్ లంచ్ ఇచ్చాడు కానీ ప్రసంగం చేయలేదు.

ఆరోజు ప్లేటు కదల్లేదని అలా తేలింది. ఆయన అవునన్నారో అబ్బా అన్నారో మాత్రం తేలలేదు. కాలు జారి అబ్బా అన్నా ప్లేటు కదలకుండా ఉండొచ్చు కదా. లంచ్‌లో ఆ మాటే అడిగాను. నేనూ దాని గురించే ఆలోచిస్తున్నానని అన్నారు, ఆలోచిస్తూనే నేను వండి తెచ్చిన పప్పన్నం తిన్నారు.

ఆ తర్వాత పెద్దాయన వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. పడవల కొట్టం ఇప్పుడు సముద్రానికి ఇంకా దూరమైందట, అందులో కట్టెలు పెట్టుకున్నారు. అప్పుడప్పుడు నేను ఫోన్ చేసేదాన్ని. ఎత్తగానే “ఏమండీ” అనేవారు. తర్వాత చాలాసేపు ఏమీ అనేవారు కాదు. లైన్ కట్టయిందేమో అనుకునేలోపు ఊపిరి లోపలికి లాగిన చప్పుడు వినిపించేది, అంటే వింటున్నారన్నమాట. నేను చెప్పుకుంటూ పోయేదాన్ని.

ఈ మధ్య చేస్తే కూతురు ఎత్తింది. తండ్రిని చూసుకోవడానికి ఇక్కణ్ణుంచి వెళ్లిందట. నాన్న మాట్లాడటం లేదు, మనుషుల్ని గుర్తుపడుతున్నారో లేదో తెలియడం లేదు, ఫోన్ చెవి దగ్గర పెడతాను మాట్లాడండి అంది. నేను “ఏమండీ” అన్నాను. అటు నుంచి ఏమీ లేదు. గోడ గురించి చెప్పాను, మా ఆయన ఇప్పటికీ ఇసక గురించి దెప్పుతారని చెప్పాను. ఇన్నేళ్లుగా అందరికీ వద్దని చెబుతున్న ప్రశ్నే నోట్లోంచి వచ్చేసింది.

“నన్ను మర్చిపోలేదు కదా?”

ఫోన్‌లో ఊపిరి లోపలికి లాగిన చప్పుడు వినిపించింది.

కూతురు ఫోన్ తీసుకుంది. ఆయన యో అన్నారా, మామూలుగా ఊపిరి పీల్చారా అని అడిగాను. ఆ అమ్మాయి వాళ్ల నాన్నలాగే చాలాసేపు ఆలోచించింది. ఈమధ్య ఊపిరి కష్టంగానే తీస్తున్నారు, నాకు తెలీదు అంది.

దీనికి తిరుగు కొలత లేదు. నేను దాన్ని అవుననే లెక్క వేసుకున్నాను, మన ఇంట్లో అర్థం ప్రకారం.